పదో ఏడాది జీతం

ముందు ఒక లెక్క వేద్దాం. మీరు మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా పని మొదలుపెట్టారు. వంద కుటుంబాలు మీ ద్వారా నెలకు 5,000 రూపాయల చొప్పున సిప్ కడుతున్నాయి. మొదటి నెలలోనే వందమంది దొరకరు గానీ, లెక్క తేలిగ్గా ఉండటానికి దొరికారనే అనుకుందాం. పెట్టిన సొమ్ము సగటున ఏడాదికి 12 శాతం పెరుగుతుందనీ, ఫండ్ కంపెనీ మీకిచ్చే ట్రెయిల్ కమీషన్, అంటే క్లయింటు సొమ్ము ఫండులో ఉన్నన్నాళ్లూ దాని మీద మీకు వచ్చేది, ఏడాదికి 0.8 శాతమనీ వేసుకుందాం. రెండూ అంచనాలే. మార్కెట్ ఎప్పుడూ 12 అని ముందే చెప్పి రాదు, కమీషన్ ఫండుకొక తీరుగా ఉంటుంది.

మొదటి ఏడాది మొత్తానికి మీ చేతికొచ్చేది దాదాపు 27,000 రూపాయలు. అంటే నెలకు రెండువేల పైచిలుకు. స్కూటీ పెట్రోలుకూ ఫోన్ బిల్లుకూ సరి. ఐదేళ్లు నిండేసరికి ఆ వంద కుటుంబాల సొమ్ము 4 కోట్లు దాటుతుంది, కమీషన్ ఏడాదికి మూడు లక్షల పాతికవేల దాకా వస్తుంది. పదేళ్లు నిండేసరికి సొమ్ము పదకొండున్నర కోట్లు, కమీషన్ ఏడాదికి 9 లక్షల పైన. ఈ పదేళ్లలో మీరు కొత్తగా ఒక్క క్లయింటునూ చేర్చుకోలేదు. ఉన్నవాళ్లలో ఒక్కరూ వెళ్లిపోలేదు, అంతే.

నేను చూసినంతలో ఈ వృత్తిలోకి వచ్చిన ఆడవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా రెండో ఏడాదిలో. పని చేతకాక కాదు. ఇంట్లోవాళ్లు ఆ నెలకు రెండువేలను చూసి, "ఈ మాత్రానికి ఎండలో పడి ఊరంతా తిరగాలా?" అంటారు. పక్కింటి అమ్మాయి సాఫ్ట్‌వేర్ జీతం గుర్తు చేస్తారు. వాళ్ల మాటలో తప్పు లేదు. వాళ్లకు కనిపిస్తున్నది మొదటి ఏడాది లెక్క, పదో ఏడాది లెక్క ఎవరూ వేసి చూపించలేదు. పని మొదలుపెట్టడానికి ముందే ఈ రెండు లెక్కలూ కాగితం మీద వేసి ఇంట్లో చూపించండి.

ఒకప్పుడు కమీషన్ ఇలా మెల్లగా వచ్చేది కాదు. 2009 ఆగస్టు దాకా ఫండులో డబ్బు పెట్టేవాళ్ల దగ్గర ఎంట్రీ లోడ్ పేరుతో రెండుంపావు శాతం దాకా కోసి, అందులోంచి ఏజెంటుకు ఇచ్చేవారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని తీసేసింది. 2018లో ముందస్తు కమీషన్లను కూడా ఆపించి, ఇకమీదట ట్రెయిల్ మాత్రమే అంది. అప్పుడు ఈ రంగంలో చాలామంది గోల పెట్టారు. నన్నడిగితే ఆ రెండు నిర్ణయాలూ ఆడవాళ్లకు మేలే చేశాయి. అమ్మగానే వచ్చే డబ్బు ఊరూరా వేగంగా తిరిగేవాళ్లకు దక్కుతుంది. ఉన్న చోటే ఉండి, వందమందిని పదేళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లకు దక్కేది ట్రెయిల్.

బీమా లెక్క ఇందుకు తిరగేసి ఉంటుంది. మొదటి ఏడాది ప్రీమియం మీద కమీషన్ పెద్దది, తర్వాత ఏళ్ల మీద చిన్నది. అందుకే మార్చి నెలలో పాలసీలు పుట్టుకొస్తాయి, మరుసటి మార్చికి లాప్స్ అవుతాయి. అక్కడా గాలి మారుతోంది. 2024 అక్టోబరులో ఎల్ఐసీ మొదటి ఏడాది కమీషన్ తగ్గించి, రెన్యువల్ మీద పెంచింది.

మూడేళ్లు గడవడం ఎలా?

మొదటి మూడేళ్ల ఇంటి ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి. క్లయింటుకు ఆరు నెలల అత్యవసర నిధి ఉంచుకోమని చెప్పే మనకు కనీసం రెండేళ్లది ఉండాలి. అంత నిల్వ లేకపోతే దారులు లేకపోలేదు.

ఒకటి పోస్టాఫీసు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్లు వసూలు చేసే ఏజెన్సీ 1972 నుంచి ఆడవాళ్లకే ఇస్తున్నారు. కమీషన్ 4 శాతం. యాభై ఇళ్లు నెలకు రెండేసి వేలు కడితే మీ చేతికి నెలకు 4,000. సంపాదన చిన్నదే, కానీ మొదటి నెల నుంచీ వస్తుంది. పైగా నెలనెలా యాభై ఇళ్ల గడప ఎక్కే హక్కు దాంతోపాటు వస్తుంది. ఏ ఇంట్లో పెళ్లి కుదిరింది, ఏ ఇంట్లో పిల్లాడు ఇంజనీరింగ్‌కు వెళ్తున్నాడు, ఎవరింట్లో గాజులు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి అన్నది ఆర్డీ వసూలుకు వెళ్లే మనిషికి తెలిసినంతగా ఏ బ్యాంకు మేనేజరుకూ తెలియదు. జాగ్రత్త ఒక్కటే: డబ్బు తీసుకున్న క్షణంలోనే డిపాజిటరు కార్డు మీద రాసి సంతకం పెట్టండి. "రేపు రాస్తాలే వదినా" అన్న చోట నుంచే తగాదాలన్నీ మొదలవుతాయి.

రెండోది బీమా సఖి. ఎల్ఐసీ ఈ పథకాన్ని 2024 డిసెంబరు 9న పానిపట్‌లో ప్రధాని చేతుల మీదుగా ప్రారంభించింది. పదో తరగతి పాసైన, 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఆడవాళ్లు చేరవచ్చు. కమీషన్‌కు అదనంగా మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల స్టైపెండ్. ఇది ఉద్యోగం కాదు, అలా అని నమ్మి చేరకండి. ఇందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడాది చేయించిన పాలసీల్లో కనీసం 65 శాతం నడుస్తూ ఉండాలి. చుట్టాల మొహమాటం మీద చేయించిన పాలసీలు సరిగ్గా అక్కడే దొరికిపోతాయి.

మూడో దారి బ్యాంకులోనో బ్రోకింగ్ కంపెనీలోనో రెండు మూడేళ్లు ఉద్యోగం. జీతం వస్తుంది, టార్గెట్లు నెత్తిన కూర్చుంటాయి, అవసరం లేని యులిప్‌లు అమ్మమనే ఒత్తిడీ ఉంటుంది. దాన్ని బడి అనుకుని వెళ్లండి. కేవైసీ ఎక్కడ తిరిగొస్తుంది, చనిపోయినవాళ్ల ఖాతా మార్పుకు ఏ కాగితాలు కావాలి, కోపంగా వచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలి అన్నవి అక్కడ నేర్చుకోవచ్చు. బయటికొచ్చేటప్పుడు కస్టమర్ల లిస్టు మాత్రం వెంట తెచ్చుకోకండి.

ఇక పొదుపు సంఘాల్లో పనిచేసినవాళ్లు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల ఉద్యమం వెనకే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు మొలిచాయి, తర్వాత రాష్ట్రమంతా పాకాయి. సంఘంలో పదేళ్లు పుస్తకాలు రాసిన మనిషికి వడ్డీ లెక్క, వాయిదా తప్పినవాళ్లను అడిగే తీరు, పదిమందిలో లెక్క చదివి వినిపించే ధైర్యం ముందే వచ్చేసి ఉంటాయి. డిగ్రీలున్నవాళ్లలో చాలామందికి లేని సరుకు ఇది. ఇలాంటివాళ్లు పరీక్షకు భయపడి ఆగిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

పరీక్ష అంత పెద్దదేం కాదు. ఫండ్లు అమ్మాలంటే ఎన్ఐఎస్ఎం వారి ఐదు-ఏ సిరీస్ పరీక్ష రాయాలి: రెండు గంటలు, వంద మార్కులు, యాభై వస్తే పాస్, తప్పు జవాబుకు కోత లేదు. పాసై ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర నమోదు చేసుకుంటే డిస్ట్రిబ్యూటరు నమోదు నంబరు, ఏఆర్ఎన్, వస్తుంది, దానికి మూడేళ్ల గడువు. కమీషన్ మీద కాకుండా క్లయింటు దగ్గర ఫీజు తీసుకుని సలహా ఇవ్వాలంటే మాత్రం సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుగా రిజిస్టరు కావాలి. దానికి పది-ఏ, పది-బీ పరీక్షలు. 2013లో వచ్చిన ఆ నిబంధనలను 2024 డిసెంబరులో కొంత సడలించారు. ఇంత ఆస్తి చూపించాలన్న షరతు పోయి, క్లయింట్ల సంఖ్యను బట్టి డిపాజిట్ పెట్టే పద్ధతి వచ్చింది. ఇంత పెద్ద దేశంలో రిజిస్టరైన సలహాదారులు వెయ్యికి అటూ ఇటూ. చోటుకు కొదవ లేదు.

విజిటింగ్ కార్డు గురించి ఒక మాట. డిస్ట్రిబ్యూటరుగా ఉన్నవాళ్లు కార్డు మీద ఫైనాన్షియల్ అడ్వైజర్ అనో వెల్త్ అడ్వైజర్ అనో వేసుకోకూడదని 2020లోనే సెబీ చెప్పింది. చాలామంది ఇంకా వేసుకుంటూనే ఉన్నారు. మీరు "మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్" అనే వేసుకోండి. పేరు చిన్నగా ఉన్నా నోటీసు రాదు.

"సగం నాకిచ్చెయ్ అక్కా"

మొదటి క్లయింట్లు చుట్టాలేనని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. చుట్టాలు మీ మీద జాలితో సంతకం పెడతారు, రెండో వాయిదాకు ఫోన్ ఎత్తరు. అంతకంటే పెద్ద చిక్కు, ఇంట్లో వాళ్ల డబ్బు వివరాలు మీకు నిజంగా చెప్పరు. ఆడపడుచు తన భర్త చేసిన అప్పు గురించి మీకెలా చెబుతుంది? మీరు పనిచేసిన స్కూలు, మీ పిల్లల స్కూలు బస్సు దగ్గర నిలబడే తల్లులు, అపార్టుమెంటు, పాత ఆఫీసు, ఇలా ఒక మెట్టు దూరంగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. చుట్టాలు నాలుగో ఏడాది వాళ్లంతట వాళ్లే వస్తారు, మీ గురించి బయటివాళ్ల దగ్గర విని.

రెండో గండం వాటా. మన దగ్గర ఎల్ఐసీ పాలసీ అంటే మొదటి ప్రీమియం ఏజెంటు కట్టాలన్న ఆచారం ఒకటి పాతుకుపోయింది. "సగం నాకిచ్చెయ్ అక్కా, ఎవరికి తెలుస్తుంది" అంటారు నవ్వుతూనే. ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఇలా ఇవ్వడమూ, పుచ్చుకోవడమూ నేరమే, జరిమానా 10 లక్షల దాకా. ఫండ్ల కమీషన్ పంచుకోవడాన్ని ఆంఫీ ప్రవర్తనా నియమావళి కూడా ఒప్పుకోదు. చట్టం చెప్పి భయపెట్టడం కంటే సూటిగా చెప్పడం నయం: "నాకొచ్చేది మీకిచ్చేస్తే, మూడేళ్ల తర్వాత మీ క్లెయిం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి నేను ఈ పనిలో ఉండనమ్మా." సగంమంది అర్థం చేసుకుంటారు. మిగతా సగం ఇంకో ఏజెంటు దగ్గరికి వెళ్తారు. వెళ్లనివ్వండి. వాటా కోసం వచ్చిన మనిషి ఇంకాస్త పెద్ద వాటా దొరికిన రోజున ఎలాగూ వెళ్లేవాడే.

మూడోది రెండు రూపాయల వడ్డీ. "మా ఊళ్లో రెండు రూపాయలకు తీసుకునేవాళ్లు క్యూ కడతారు, మీ ఫండు ఎంతిస్తుంది?" అన్న ప్రశ్న తెలుగునాట తప్పదు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. దానికి ఏ ఫండుతోనూ పోటీ పెట్టకండి, ఓడిపోతారు. ఇలా అడగండి: ఇప్పటిదాకా ఇచ్చిన అప్పుల్లో అసలు పూర్తిగా తిరిగొచ్చినవి ఎన్ని? ప్రాంసరీ నోటుకు మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లే వీలుండదని తెలుసా? సమాధానం వాళ్లే వెతుక్కుంటారు. చీటీల సంగతీ అంతే. రిజిస్టరైన చిట్ కంపెనీలో చీటీ పాడుకోవడం వేరు, వీధి చివర ఇంట్లో నమ్మకం మీద నడిచే చీటీ వేరు. క్లయింటును చీటీ మానేయమని మొదటిరోజే చెప్పకండి. ఆమె చీటీ పాట డబ్బుతోనే కదా కూతురి ఫీజు కట్టింది. ఎవరి దగ్గర కడుతున్నారో, రసీదు ఉందో అడగండి చాలు.

కమీషన్ ఎక్కువ వచ్చే సరుకు విషయంలో ఈ ప్రాంతానికి ఒక పాఠం ఉంది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ 2014-15లో చేతులెత్తేసినప్పుడు లక్షలమంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. ఊళ్లలో డిపాజిట్లు చేయించిన ఏజెంట్లు కూడా వాళ్లతోపాటే మునిగారు. వాళ్లలో చాలామంది తమ డబ్బూ అందులోనే పెట్టారు. కంపెనీ ఎక్కడో ఉంటుంది, గుమ్మం ముందుకొచ్చి జనం అడిగేది ఏజెంటునే. అందుకని సెబీ, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, రిజర్వు బ్యాంకు, పోస్టాఫీసు, రిజిస్టరైన చిట్ కంపెనీ, వీటిలో ఏ గొడుగు కిందా లేని స్కీము ఎంత కమీషన్ ఇస్తామన్నా ముట్టుకోకండి. శివారు ప్లాట్ల వెంచర్లకు క్లయింట్లను తీసుకెళ్లి సైట్లో భోజనాలు పెట్టించే పని కూడా వద్దు. ఒక్క ప్లాటు మీద పెద్ద కమీషన్ ఒక్కసారే వచ్చే మాట నిజమే. ఆ ప్లాటు తగాదాలో పడితే మిగతా తొంభైతొమ్మిది కుటుంబాలు మీ ఫోన్ ఎత్తవు.

"మీవారు కూడా ఇదే పనిలో ఉన్నారామ్మా?"

పెద్ద మొత్తాల దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. రిటైరైన ఇంజనీరు గారు 40 లక్షల పీఎఫ్ గురించి మాట్లాడటానికి కూర్చుంటారు. మీరు చెప్పింది అంతా విని, "ఓసారి మీవారిని కూడా తీసుకురండి, మాట్లాడదాం" అంటారు. ఎదుటివారి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, మెత్తగా నవ్వి ఊరుకున్నా లాభం లేదు. "ఈ పని నాదేనండీ. మావారికి దీని గురించి తెలియదు. మీ శ్రీమతి గారిని పిలవండి, ముగ్గురం కూర్చుందాం" అనండి. చివరి మాట చాలా ముఖ్యం.

ఆడవాళ్లు ఆడవాళ్లకే సలహా ఇచ్చే ప్రత్యేక సేవలు ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటిని తప్పుపట్టను గానీ, అదొక్కటే మీ దారి కావడం నాకు ఇష్టం లేదు. ఇంటి డబ్బు ఇద్దరిది. ఒక్కరితోనే మాట్లాడే సలహాదారు, ఆడైనా మగైనా, సగం ఇంటినే చూస్తున్నట్టు. మీకున్న వీలు ఏమిటంటే, మీరు వెళ్తే ఆ ఇంటావిడ వంటింట్లోంచి కాఫీ తెచ్చి ఇచ్చి తిరిగి వెళ్లిపోదు, కూర్చుంటుంది. ఆయన చెప్పని బంగారం లోను, ఆవిడ తమ్ముడికిచ్చిన చేబదులు, అత్తగారి మందుల ఖర్చు అప్పుడు బయటికొస్తాయి. అవి రాకుండా వేసిన ఏ ప్లానూ ఆర్నెల్లు నిలవదు.

ఆయన లేని రోజు గురించి కూడా ఆ గదిలోనే మాట్లాడాలి. మన ఇళ్లలో అశుభమని నోరెత్తరు. ఎత్తాల్సింది మీరే, అందుకు కొంత చట్టం తెలియాలి.

నామినీ అయితే డబ్బు తమదే అనుకుంటారు అందరూ. ఫండ్లకూ షేర్లకూ బ్యాంకు ఖాతాలకూ నామినీ ఆ సొమ్మును అందుకునే మనిషి మాత్రమే, సొంతదారులు చట్టప్రకారం వారసులు. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. బీమాకు నియమం వేరుగా ఉంది, దాన్ని విడిగా చదువుకోండి. ఇక వీలునామా రాయకుండా హిందూ పురుషుడు పోతే, సొంతంగా సంపాదించిన ఆస్తి భార్యకు, ప్రతి కొడుకుకూ, ప్రతి కూతురుకూ, అతని తల్లికీ సమాన వాటాలుగా వెళ్తుంది. తల్లికి వాటా ఉంటుందన్న సంగతి చెప్పినప్పుడు చాలా ఇళ్లలో కాసేపు ఎవరూ మాట్లాడరు. వీలునామా అవసరం గురించి గంట ఉపన్యాసం ఇచ్చినా రాని కదలిక ఆ ఒక్క వాక్యంతో వస్తుంది.

పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఆమె తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. అదే పొలాన్ని తండ్రి బతికుండగానే గిఫ్టుగా రిజిస్టరు చేసి ఇచ్చి ఉంటే భర్తకు, ఆయన లేకపోతే ఆయన వైపువాళ్లకు వెళ్తుంది. కాగితం మీద ఏమని రాసి ఉందో చూడమని క్లయింటుకు చెప్పండి, వీలునామాకు మంచి లాయరు దగ్గరికి పంపండి. మీరే రాసిపెట్టకండి.

వ్యాపారం చేసే భర్త ఉన్న ఇంట్లో ఇంకొకటి అడగాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, ఆరో సెక్షన్. భర్త తన పేరిట తీసుకునే టర్మ్ పాలసీని ఈ చట్టం కింద భార్యాపిల్లల కోసం అని మొదట్లోనే రాయిస్తే, ఆ సొమ్ము వాళ్లకోసం ట్రస్టుగా ఉండిపోతుంది. అప్పులవాళ్లను మోసం చేయడానికే కట్టాడని రుజువైతే తప్ప ఆయన వ్యాపారం అప్పులు దాన్ని తాకలేవు. అయితే పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. గుంటూరులో మిర్చి వ్యాపారికీ, సూరత్‌లో చీరల షాపు పెట్టుకున్న మన మనిషికీ ఎంతోమంది ఏజెంట్లు కోటి రూపాయల పాలసీలు అమ్మి ఉంటారు. ఈ ఒక్క ఫారం గురించి చెప్పినవాళ్లు అరుదు. చెప్పినవాళ్లను ఆ ఇంటి ఇల్లాలు మరచిపోదు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నాయి. ఆ పిల్లల పాత సేవింగ్స్ ఖాతాలు ప్రవాసుల ఎన్ఆర్ఓ ఖాతాలుగా మార్చాలనీ, అమెరికాలో ఉంటున్నవాళ్ల డబ్బు కొన్ని ఫండ్ కంపెనీలు అసలు తీసుకోవనీ, తీసుకున్నా అక్కడి పన్ను లెక్క బాగా చేదుగా ఉంటుందనీ మీకు తెలిసి ఉంటే చాలు. అంతకు మించి అడిగితే "అక్కడి అకౌంటెంటును, సీపీఏని, అడగండి" అనడానికి వెనకాడకండి.

ఇంటి మీటింగుల గురించి క్లుప్తంగా: మొదటి సమావేశం భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడే, పగటిపూటే. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఫోన్లకు మర్నాడు జవాబు. ఈ నియమం పెట్టినందుకు వెళ్లిపోయే క్లయింటు మీకు అక్కర్లేదు.

ఆగినా ఆగని పని

ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2017 సవరణ తర్వాత 26 వారాల ప్రసూతి సెలవు జీతంతో వస్తుంది. ఏజెంటుకు, డిస్ట్రిబ్యూటరుకు అది లేదు. పీఎఫ్ కూడా లేదు. కానీ మీరు ఆర్నెల్లు ఇంట్లో ఉన్నా ట్రెయిల్ మాత్రం వస్తూనే ఉంటుంది, క్లయింట్లు కదలకపోతే. కాబట్టి సెలవుకు ముందు ఐదో నెలలోనే సిద్ధం కావాలి. ప్రతి కుటుంబంతో వార్షిక సమీక్ష ముందుకు జరిపి పూర్తిచేయండి. రాబోయే ఆర్నెల్లలో కట్టాల్సిన ప్రీమియంలు, గడువు తీరే డిపాజిట్లు, ముగిసిపోయే బ్యాంకు మేండేట్లు ఒక పట్టీ వేసి క్లయింటుకు మీరే వాట్సాప్‌లో పంపండి. మీ ఏఆర్ఎన్ గడువు ఆ మధ్యలో పడుతుందేమో చూసుకోండి. గడువు దాటితే కమీషన్ ఆగుతుంది. ఒళ్లో పసిబిడ్డతో రెన్యువల్ శిక్షణకు పరుగెత్తడం ఎవరివల్ల అవుతుంది?

ఇదే పనిలో ఉన్న ఇంకో స్త్రీతో ఒప్పందం చేసుకోండి. మీ సెలవులో ఆమె మీ క్లయింట్ల అత్యవసర పనులు చూస్తుంది, ఆమె సెలవులో మీరు. క్లయింటును లాక్కోకూడదనీ, వివరాలు బయటికి పోకూడదనీ కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. స్నేహితురాలేగా, రాసుకోవడం ఏమిటని మొహమాటపడొద్దు. క్లయింటుకు కూడా ముందే ఆమెను పరిచయం చేసి, వాళ్ల ఒప్పుదల తీసుకోండి.

భర్తకు బదిలీ అయితే ఊరు మారాలి. కాకినాడలో వందమందిని పోగుచేసుకున్నాక హైదరాబాద్ వెళ్లాల్సివస్తే ఒకప్పుడు పని మొత్తం పోయేది. ఇప్పుడు కేవైసీ, మేండేటు, లావాదేవీలు అన్నీ ఫోన్లోనే అయిపోతాయి. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ ఇంకెప్పుడైనా వెళ్లినప్పుడు ముఖాముఖి కలవండి. ఊరు మారానని క్లయింట్లకు మీ నోటితో మీరే చెప్పండి, పక్కింటివాళ్ల ద్వారా తెలియనివ్వకండి.

క్లయింట్లు ఎలాంటి రోజుల్లో వెళ్లిపోతారో మాత్రం ముందే తెలుసు. మార్కెట్ పడిన రోజులవి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 26,000 కిందికి జారింది. అదే ఏడాది చివరిరోజున 47,700 పైన ముగిసింది. ఆ మధ్య నెలల్లో భయపడి అమ్మేసినవాళ్లకు ఆ పెరుగుదల దక్కలేదు. అలాంటి రోజున వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే చేయాలి. మార్కెట్ ఎందుకు పడిందో చెప్పక్కర్లేదు, మీకూ తెలియదు. ఆ కుటుంబానికి వచ్చే మూడేళ్లలో కావాల్సిన డబ్బు ఈ ఫండులో లేదని గుర్తుచేస్తే చాలు. అది నిజమై ఉండాలంటే మొదట్లోనే ఆ డబ్బును వేరుగా ఉంచి ఉండాలి. వంద ఫోన్లు నాలుగు రోజుల పని. ఒక మనిషి శ్రద్ధగా చూడగలిగింది నా అంచనాలో నూటయాభై కుటుంబాలకు మించదు. ఐదువందల మందిని పోగేసుకున్న డిస్ట్రిబ్యూటరు ఆ రోజున ఎవరికి ఫోన్ చేయాలో తెలియక కూర్చుంటాడు.

ఇక మీ సొంత ఇల్లు. కమీషన్ పడగానే ఇంటి ఖర్చుల ఖాతాలో కలిసిపోతే, పదో ఏడాది తొమ్మిది లక్షలు వచ్చినా మీ పేరిట ఏమీ మిగలదు. పని కోసం విడిగా ఖాతా తెరవండి, అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున మీకు మీరే జీతం ఇచ్చుకోండి. జీతంలో ఆరోవంతు పీపీఎఫ్‌కో ఎన్‌పీఎస్‌కో సిప్‌కో వెళ్లాలి, మీకు పీఎఫ్ ఇచ్చే యజమాని మరెవరూ లేరు కాబట్టి. మీకు ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ విడిగా ఉండాలి. ఇన్ని ఇళ్లలో పాలసీలు చేయించి తమ పేరిట ఒక్కటీ లేనివాళ్లు ఈ వృత్తిలో ఎంతమందో!

పదేళ్లు కష్టపడి నిలబెట్టిన ట్రెయిల్ మీతోనే ముగిసిపోనక్కర్లేదు. ఏఆర్ఎన్‌కు నామినీని నమోదు చేసే వీలును ఆంఫీ ఇచ్చింది. ఎల్ఐసీ ఏజెంటు చనిపోతే, నిబంధనలకు లోబడి రెన్యువల్ కమీషన్ వారసులకు అందుతుంది. క్లయింట్లందరి ఫారాల్లో నామినీ గడి ఖాళీగా వదలకుండా నింపించిన మీరు, మీ సొంత ఏఆర్ఎన్ ఫారంలో ఆ గడి నింపారో లేదో ఈ వారంలోనే తీసి చూసుకోండి.